ఇనుము ఒక్క మార్కు ప్రశ్న కాదు

విజయవాడలో బైపీసీ చదివే పిల్లల్ని అర్ధరాత్రి లేపి "హీమ్‌లో ఉండే లోహం ఏది?" అని అడిగినా ఇనుము అని చెప్పేస్తారు (రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌ని పట్టే భాగమే హీమ్). దాని పనేమిటంటే ఆక్సిజన్‌ని మోయడం అంటారు. రెండూ సరైన జవాబులే, రెండింటికీ మార్కులు పడతాయి. ఈ ఊళ్లో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఒక్కో మార్కు వాళ్లకి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయినా ఆ రెండో జవాబు దగ్గర పాఠం ఆపేయడం వల్ల పిల్లలు పోగొట్టుకుంటున్నది చాలా పెద్దదని నా వాదన. మన మాగాణుల్లో మినుముకు నత్రజని ఎలా అందుతుందో, టీబీ మాత్రలు ఆరు నెలలు ఎందుకు మింగాలో అర్థం కావాలంటే ఆ ఆపేసిన చోటు నుంచి ముందుకు వెళ్లాలి.

హీమ్‌లోని ఇనుము ఆక్సిజన్‌ని మోయడంతో పాటు, అసలు ఆక్సిజన్ ఉందో లేదో కనిపెట్టే పని కూడా చేస్తుంది. కళ్లూ ముక్కూ లేకుండా ఒక్క కణంతో బతికే బ్యాక్టీరియా తన చుట్టూ ఉన్న గాలిని, విషాన్ని, శత్రువు వదిలిన రసాయనాన్ని పసిగట్టేది చాలా సందర్భాల్లో ఒక లోహ పరమాణువు సాయంతోనే. ఆ పరమాణువు ఏదో ఒక ప్రొటీన్ మధ్యలో కూర్చుని ఉంటుంది. దానికి ఏదైనా వచ్చి అతుక్కున్నా, అతుక్కున్నది వదిలిపోయినా ప్రొటీన్ ఆకారం మారుతుంది. ఆ మార్పే కబురు.

మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా పైరు నిలబడి ఉండగానే అందులో మినుములు చల్లుతారు. దుక్కి దున్నేది లేదు, విడిగా తడి పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుతో మొలిచి, చలికాలం మంచు మీద పెరిగే పంట అది. పల్లాకు తెగులు దెబ్బ ఒకవైపు, మొక్కజొన్న మీద వచ్చే డబ్బు ఇంకోవైపు లాగడంతో చాలామంది మినుము మానేశారు. మా నాన్న మానలేదు. మొక్కను మట్టితో సహా పెకలించి, వేళ్లకున్న బుడిపెను గోటితో చిదిమి చూసేవారు. లోపల గులాబీ రంగు కనిపిస్తే ఆ చేను బాగున్నట్టే. తెల్లగా పాలిపోయి ఉంటే ఆ ఏడాది మొక్కకి దాని సొంత నత్రజని సరిగా అందడం లేదని లెక్క.

ఆ గులాబీ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి దూరపు చుట్టం. మొక్క దాన్ని ఎందుకు తయారు చేస్తుందో చూస్తే ఒక ఇరకాటం బయటపడుతుంది. బుడిపెలో ఉన్న బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చేది నైట్రోజినేజ్ అనే ఎంజైమ్‌తో. ఆ ఎంజైమ్‌కి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. మరి ఆక్సిజన్ పూర్తిగా తీసేద్దామంటే, ఒక నత్రజని అణువును విడగొట్టడానికి 16 ఏటీపీలు (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు) ఖర్చవుతాయి, అంత శక్తి కావాలంటే బ్యాక్టీరియా ఊపిరి పీల్చక తప్పదు. ఆక్సిజన్ ఉండాలి, ఉండకూడదు. లెగ్‌హీమోగ్లోబిన్ దాన్ని పట్టి ఉంచుకుని, విడిగా తిరిగే ఆక్సిజన్‌ని బాగా తగ్గించి, బ్యాక్టీరియాకి మాత్రం కొద్దికొద్దిగా అందిస్తూ ఈ చిక్కు విప్పుతుంది. మన పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది.

నాకు అసలైన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మట్టిలో తిరిగే రైజోబియం (బుడిపెల్లో చేరే బ్యాక్టీరియా ఇదే) నైట్రోజినేజ్‌ని తయారు చేసి ప్రయోజనం లేదు. అక్కడి గాలికి అది నిలవదు, పెట్టిన శక్తంతా వృథా. బుడిపె లోపలికి చేరాక, ఆక్సిజన్ తగినంత తగ్గాక మాత్రమే ఆ పని మొదలుపెట్టాలి. తాను లోపలికి చేరానని బ్యాక్టీరియాకి ఎవరు చెప్తారు?

1991లో మరీ గిల్-గొంజాలెజ్, గ్యారీ డిట్టా, డొనాల్డ్ హెలిన్‌స్కీ ఈ ప్రశ్నకు జవాబు ప్రచురించారు. వాళ్లు చూసింది రైజోబియం మెలిలోటి అనే బ్యాక్టీరియాని. మన మెంతి మొక్క వేళ్లతో జత కట్టేది అదే. అందులో ఫిక్స్‌ఎల్ అనే ప్రొటీన్ ఉంది. దానిలో ఒక భాగం హీమ్‌ని పట్టుకుని ఉంటుంది, ఇంకో భాగం కైనేజ్, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ని తీసి వేరే చోట అంటించే ఎంజైమ్. హీమ్‌లోని ఇనుముకి నాలుగు వైపులా నాలుగు నైట్రోజన్‌లు, అడుగున ప్రొటీన్ నుంచి వచ్చిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం, పైన ఒక ఖాళీ చోటు. ఆ ఖాళీలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ కైనేజ్ ఊరుకుంటుంది. బుడిపె లోపల ఆక్సిజన్ తగ్గి ఆ చోటు ఖాళీ అయ్యిందంటే ఇనుము తానున్న తలం నుంచి కాస్త పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే, మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా ఉండదు. ఆ చిన్న కదలికతో పాటు, అంతవరకు ఆక్సిజన్‌ని పట్టుకుని ఉన్న ఆర్జినిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కూడా చోటు మారుతుంది. కబురు కైనేజ్‌కి చేరుతుంది. అది ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని ముందు తనకే అంటించుకుని, ఆపై ఫిక్స్‌జె అనే తోటి ప్రొటీన్‌కి అందిస్తుంది. ఫిక్స్‌జె వెళ్లి డీఎన్ఏ మీద వాలుతుంది. నత్రజని పనికి కావలసిన జన్యువులు అక్కడి నుంచి వరసగా తెరుచుకుంటాయి.

ఆ కబురు మోసే ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి వేరుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా వేరుచేశాడు. మా పిల్లలకు సుబ్బారావు గారి పేరు జనరల్ నాలెడ్జ్ బిట్టుగా తెలుసు. మినుము వేరులో ఒక కబురు కదిలిన ప్రతిసారీ ఆయన పట్టుకున్న అణువే ఖర్చవుతుందని క్లాసులో చెప్తే వాళ్ల ముఖాలు మారిపోతాయి. నేను కల్పించి చెప్పడం లేదు, ఏ లెక్చరర్ అయినా ఒకసారి చెప్పి చూడొచ్చు.

మినుముతో జత కట్టేవి ఎక్కువగా బ్రాడీరైజోబియం జాతివి. సోయా వేళ్లలో ఉండే వాటి చుట్టం ఒకదానిలో ఫిక్స్‌ఎల్ హీమ్ భాగం ఎలా ఉంటుందో 1998లో స్ఫటికాలు తీసి మరీ చూశారు. అంటే ఇది ఎక్కడో విదేశీ మొక్కకి మాత్రమే చెల్లే సంగతి కాదు.

రైతుకి దీనితో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. చాలా పని ఉంది. గుంటూరు పక్కనే లాం ఫారంలో పుట్టిన ఎల్‌బీజీ మినుము రకాలు ఎన్నో ఊళ్లకు వెళ్లాయి. వాటితో పాటు రైజోబియం కల్చర్ పొట్లం వాడమని కూడా చెప్తారు. బెల్లం నీళ్లలోనో గంజిలోనో కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లాలి. ఎలా పట్టించాలో చెప్తారు, పొట్లంలో ఉన్నది ఏం చేస్తుందో మాత్రం చెప్పరు. దాంతో అది కూడా ఎరువు బస్తా లాంటిదే అనుకుని వాడి, పనిచేయకపోతే మోసం అనుకుంటారు. పొట్లంలో ఉన్నది ప్రాణమని, అది తన చుట్టూ గాలి ఎంతుందో చూసుకుని నడుచుకుంటుందని తెలిసిన రైతు వేరేగా ఆలోచిస్తాడు. చేలో నీళ్లు నిలిస్తే బుడిపెలు ఎందుకు దెబ్బతింటాయో అతనికి విడిగా చెప్పక్కర్లేదు. ఊపిరికి కావలసిన ఆ కాస్త ఆక్సిజన్ కూడా అందదు. యూరియా ఎక్కువ చల్లితే నత్రజని చేతికందిన మొక్క బుడిపెలు పెట్టడమే తగ్గించుకుంటుంది. అప్పుడు కల్చర్ పనిచేయలేదని పొట్లాన్ని నిందించి లాభం లేదు.

ఇనుము ఆక్సిజన్‌ని ఒక్కదాన్నే పట్టుకుంటుందా అంటే, కాదు. కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకుంటుంది, నైట్రిక్ ఆక్సైడ్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మూడూ రెండేసి పరమాణువులున్న బుల్లి అణువులు. పొగ నిండిన గదిలో మనుషులు చనిపోవడానికి ఒక పెద్ద కారణం మన హీమోగ్లోబిన్ కార్బన్ మోనాక్సైడ్‌ని వదలకపోవడం. మరి బ్యాక్టీరియా ఈ మూడింటినీ వేరువేరుగా ఎలా గుర్తుపడుతుంది? హీమ్ ఒకటే అయినా దాని చుట్టూ ఉన్న ప్రొటీన్ గోడలు వేరు. రోడోస్పైరిల్లం రూబ్రం అనే బ్యాక్టీరియాకి మనల్ని చంపే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆహారమే. దాన్ని కనిపెట్టే ప్రొటీన్ పేరు కూఏ. అందులో ఇనుము పైన ఖాళీ చోటు ఉండదు. కూఏ ప్రొటీన్‌లు రెండేసి జంటగా ఉంటాయి, జంటలోని రెండోది తన మొదటి కొసను చాచి, అందులోని ప్రోలిన్‌ని అక్కడ పెట్టి ఉంచుతుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి దాన్ని తొలగించి కూర్చున్నప్పుడు ప్రొటీన్ మెలి తిరిగి డీఎన్ఏని పట్టుకుంటుంది, ఆ వాయువును తినే ఎంజైమ్‌లు తయారవుతాయి.

ఇంకొన్ని బ్యాక్టీరియా ఇనుముతో దారి కూడా వెతుక్కుంటాయి. బంగ్లాదేశ్ నుంచి వెళ్లి హవాయిలో పనిచేసిన మక్సూదుల్ ఆలం బృందం 2000లో హెమ్‌ఏటీ అనే ప్రొటీన్‌ని ప్రకటించింది. మన కండరాల్లోని మయోగ్లోబిన్‌ని పోలిన ప్రొటీన్ అది. బాసిల్లస్ సబ్‌టిలిస్ దాని సాయంతో ఆక్సిజన్ ఉన్న వైపు ఈదుతుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై ఆక్సిజన్‌ని కనిపెట్టడానికి వాడే ఒక ప్రొటీన్‌లో అయితే హీమ్ కూడా లేదు. దాని ఎఫ్ఎన్ఆర్ ప్రొటీన్‌లో నాలుగు ఇనుములు, నాలుగు గంధకాలు కలిసి ఒక చిన్న ఘనంలా ఉంటాయి. ఆక్సిజన్ తగిలితే ఆ ఘనం విరిగి సగం మిగులుతుంది, జంటగా ఉన్న ప్రొటీన్‌లు విడిపోతాయి. గాలి లేనప్పుడు బతకడానికి తెరిచి పెట్టిన జన్యువులు అప్పుడు మారిపోతాయి.

గుంటూరు మిర్చి రైతులకి తెలిసిన లోహం రాగి. ఆకుమచ్చకి కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టడం మామూలే. ఈ.కోలైలో ఉన్న క్యూఆర్ అనే ప్రొటీన్ రాగిని ఎంత సూక్ష్మంగా కనిపెడుతుందంటే, కణంలో ఒక్క రాగి పరమాణువు కూడా ఊరికే తిరగడానికి వీల్లేదన్నంత. 2003లో అమెరికాలో ఓ'హాలరన్ తదితరులు దీన్ని కొలిచి చెప్పారు. కనిపెట్టగానే రాగిని బయటికి తోసే పంపును ఆ బ్యాక్టీరియా తయారు చేసుకుంటుంది. మనం చేలో చల్లే మందును అవతలి జీవి చదువుతోందని గుర్తుంచుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

తోటి లెక్చరర్లతో ఈ మాటలు వచ్చినప్పుడు ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ఇది కేవలం రసాయన చర్య, దీన్ని గ్రహించడం అనడం ఎక్కువ చేసి చెప్పడమే అంటారు. ఆలోచించాల్సిన అభ్యంతరమే. కానీ మన కంట్లో జరిగేదీ ఒక అణువు వంగడమే కదా. వెలుగు తగిలి రెటినాల్ ఆకారం మారడంతోనే చూపు మొదలవుతుంది. ఆక్సిజన్ సంగతికి వస్తే పోలిక ఇంకా దగ్గరది. మన ఒంట్లోని కణాలు ఆక్సిజన్ తగ్గిందని ఎలా తెలుసుకుంటాయో వివరించినందుకు 2019లో సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ ఏర్పాటులో ఆక్సిజన్‌ని వాడుకుని పనిచేసే ఎంజైమ్‌ల మధ్యలో ఉన్నది ఇనుమే. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి, రక్తనాళాల కండరాల్లో ఒక ప్రొటీన్‌లోని హీమ్‌కి అంటుకుంటుంది, నాళాలు వదులవుతాయి. ఆ హీమ్‌ని పట్టుకుని ఉన్న ప్రొటీన్ భాగం లాంటిదే ఎన్నో బ్యాక్టీరియాల్లో ఉంది. వాటిలో కొన్ని దానితోనే నైట్రిక్ ఆక్సైడ్‌ని గుర్తుపడతాయి. మన విషయంలో గ్రహించడం అని, వాటి విషయంలో వట్టి రసాయనమని అనడానికి నాకు కారణం కనిపించదు.

ఇక టీబీ. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న స్థలం ఒకప్పటి టీబీ శానిటోరియంది. మందులు లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. ఇప్పుడు మాత్రలున్నాయి. అయినా ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. మా వీధిలో ఒక అబ్బాయి రెండో నెలలోనే మాత్రలు ఆపేశాడు. దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు, ఇంకెందుకని. వాళ్లమ్మ వచ్చి "తగ్గిపోయిందిగా మేడమ్, ఊరికే ఆ మందులు వేడి చేస్తున్నాయి, వాంతులవుతున్నాయి" అంది. ఆవిడని తప్పుపట్టలేను. ఆరు నెలలు వాడాలని అందరూ చెప్పారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

అది ఇలా జరుగుతుంది. ఊపిరితిత్తుల్లో టీబీ బ్యాక్టీరియా చుట్టూ మన రక్షణ కణాలు గోడ కడతాయి. ఆ గోడ లోపల ఆక్సిజన్ తగ్గిపోతుంది. చంపడానికి ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ కూడా వదులుతాయి. టీబీ బ్యాక్టీరియాలో డాస్‌ఎస్, డాస్‌టి అని రెండు ప్రొటీన్‌లు, రెండింటిలోనూ హీమ్. ఆక్సిజన్ తగ్గినా, నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి ఇనుముకి అంటుకున్నా వాటి కైనేజ్ లేస్తుంది, ఫాస్ఫేట్‌ని డాస్‌ఆర్ అనే ప్రొటీన్‌కి అందిస్తుంది. దాదాపు 50 జన్యువులు తెరుచుకుంటాయి. బ్యాక్టీరియా ఎదగడం మానేసి, కొవ్వు దాచుకుని, ఊపిరి బిగబట్టి పడుకుంటుంది. చంపడానికి మనం వేసిన ఆయుధమే దానికి హెచ్చరిక అయింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జయా త్యాగి బృందం డాస్‌ఆర్, డాస్‌ఎస్ జంట మీద చాలా ఏళ్లు పనిచేసింది. వాళ్లు పెట్టిన పేరు డెవ్‌ఆర్, డెవ్‌ఎస్. డాస్‌ఎస్ నేరుగా ఆక్సిజన్‌నే చూస్తుందా, లేక కణంలో ఆక్సీకరణ స్థితిని చూస్తుందా అన్న వాదన పరిశోధకుల మధ్య నడిచింది కూడా.

ఐసోనియాజిడ్ లాంటి టీబీ మందు దెబ్బ తీసేది తన సొంత కణ గోడ కట్టుకుంటూ ఎదిగే బ్యాక్టీరియాని. పడుకున్నది ఆ కణ గోడ కట్టదు కాబట్టి దానికి ఆ దెబ్బ తగలదు. ఆరు నెలల వైద్యానికి ఇదొక్కటే కారణం అనను, కానీ పెద్ద కారణాల్లో ఇదొకటి. రెండు నెలల్లో దగ్గు తగ్గడం అంటే ఎదిగేవి చాలావరకు చచ్చాయని. పడుకున్నవి మిగిలే ఉంటాయి. ఆ అబ్బాయి వాళ్లమ్మకి ఇదే, ప్రొటీన్‌ల పేర్లు లేకుండా చెప్పాను. "పడుకున్నది లేచేదాకా కాచుకుని ఉండాలా మేడమ్?" అని అడిగింది. అవునన్నాను. మర్నాడు పిల్లాణ్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఇప్పుడు ఫిక్స్‌ఎల్‌ని, డాస్‌ఎస్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ హీమ్, దాని వెనక కైనేజ్, ఆక్సిజన్ తగ్గితే కబురు. తెనాలి చేలో ఆ కబురు అందుకున్న జీవి మొక్కకి అన్నం పెడుతుంది. ఊపిరితిత్తిలో అందుకున్నది మందుకి చిక్కకుండా దాక్కుంటుంది. మేలు చేసే బ్యాక్టీరియా, కీడు చేసే బ్యాక్టీరియా అని రెండు పట్టికలు రాయించి బట్టీ పట్టిస్తాం కదా, ఆ పట్టికలతో ఈ సంగతి ఎప్పటికీ కనపడదు. ఆ గీత గీసింది మనం, వాటి లోపలి ఏర్పాటులో అది లేదు.

నీట్‌లో రాదుగా అంటారు. నిజమే. పైగా 2024 నీట్ సిలబస్ నుంచి వేరు బుడిపెలున్న మినరల్ న్యూట్రిషన్ అధ్యాయమే పోయింది. మినుము, కంది, పెసర తినే దేశంలో డాక్టర్ కాబోయే పిల్ల ఆ బుడిపెలో ఏముందో చదవకుండానే పరీక్ష రాయొచ్చు. సిలబస్ బరువు నాకు తెలుసు, పిల్లల టెన్షన్ రోజూ చూస్తున్నాను, ఇంకో అధ్యాయం చేర్చమని అడగను. హీమోగ్లోబిన్ చెప్పే రోజే ఇంకో పావుగంట తీసుకుని, అదే ఇనుము ఇంకో ప్రొటీన్‌లో ఉంటే ఏం చేస్తుందో చెప్పమంటున్నాను. బోర్డు మీద ఇనుము చుట్టూ నాలుగు నైట్రోజన్‌లు, కింద ఒక హిస్టిడిన్, పైన ఖాళీ గీస్తే సరిపోతుంది. ఆ ఖాళీలోకి ఏం వస్తుంది, వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న పిల్లల్నే వేయనివ్వాలి.

ఎందుకంటే ఈ చదువు ఆగిపోయింది కాదు. 2017లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ అబ్రమొవిచ్ బృందం సుమారు 5 లక్షల 40 వేల రసాయనాల్ని టీబీ బ్యాక్టీరియా మీద పరీక్షించింది. డాస్‌ఆర్ కబురును ఆపగలిగేవి ఏవో వెతకడం వాళ్ల ఉద్దేశం. దొరికినవాటిలో ఒకటి ఆర్టిమిసినిన్. మలేరియాకి వాడే మందు, దాన్ని కనిపెట్టినందుకే చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. అది డాస్‌ఎస్, డాస్‌టిలలో ఉన్న హీమ్‌ని పాడు చేస్తోంది. ఆక్సిజన్ తక్కువైనచోట కూడా ఆ బ్యాక్టీరియా సరిగా పడుకోలేకపోయింది, మందులకి తట్టుకునే శక్తి తగ్గింది. ఇదంతా ప్రయోగశాలలో తేలింది. టీబీకి ఆర్టిమిసినిన్ వైద్యం కాదు, ఎవరూ ఆ ప్రయత్నం చేయకూడదు. ఐసోనియాజిడ్ విషయం కూడా చూడండి, అది మింగగానే మందు కాదు. బ్యాక్టీరియాలోనే ఉన్న కాట్‌జి అనే హీమ్ ఎంజైమ్ దాన్ని మందుగా మారుస్తుంది. ఈ రెండూ ఒకే రోజు విన్న మా ద్వితీయ సంవత్సరం అమ్మాయి ఒకతి లేచి, "ఆర్టిమిసినిన్ హీమ్‌ని పాడు చేస్తే కాట్‌జి కూడా పాడవ్వాలి కదా మేడమ్, అప్పుడు ఐసోనియాజిడ్ ఎలా పనిచేస్తుంది?" అని అడిగింది. ఏ హీమ్‌కి ఏ గోడలున్నాయో, దాని మీద అప్పటికి ఏం కూర్చుని ఉందో చూసి రమ్మన్నాను. వచ్చే వారం తనే క్లాసుకి చెప్పబోతోంది.